తాకట్టులో పసి చేతులు

(జూన్ 12, ప్రపంచ బాలకార్మిక వ్యతిరేక దినం సందర్భంగా సిబ్బంది, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బాలకార్మికుల గురించి మాట్లాడాల్సింది లేబర్ ఆఫీసరో, టీచరో, స్వచ్ఛంద సంస్థ వాళ్లో కదా, బ్యాంకు ఆఫీసర్‌కి ఏం పని అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఈ విషయంలో మనకు పని ఉందని, అదీ కాస్త ఎక్కువే ఉందని చెప్పడానికే ఈ అరగంట తీసుకుంటున్నాను.

ముందు రెండు అంకెలు చెప్పేసి పక్కన పెడతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసిన లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 13 కోట్ల 80 లక్షల మంది పిల్లలు బాలకార్మికులు. వారిలో 5 కోట్ల 40 లక్షల మందిది ప్రమాదకరమైన పని. 2000లో ఈ సంఖ్య 24 కోట్ల 60 లక్షలు. అంటే తగ్గింది, బాగానే తగ్గింది. అయితే 2025 నాటికి బాలకార్మిక వ్యవస్థను పూర్తిగా తుడిచేస్తామని ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న గడువుకు మాత్రం చేరలేదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే రికవరీ బాగుంది, టార్గెట్ మాత్రం మిస్సయింది.

ఇక అసలు విషయం. పిల్లలు పనికి ఎందుకు వెళ్తారు అని అడిగితే అందరూ చెప్పే జవాబు పేదరికం. అది నిజమే, కానీ సగం జవాబే. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో, ఒకే కూలి మీద బతికే రెండు కుటుంబాల్లో ఒక ఇంటి పిల్ల బడిలో ఉంటుంది, ఇంకో ఇంటి పిల్ల పత్తి చేలో ఉంటుంది. తేడా ఎక్కడుందో ఆరా తీస్తే చాలాసార్లు ఒక అప్పు దగ్గరికి వెళ్లి ఆగుతాం. ఎవరో ఒకరు అడ్వాన్సు ఇచ్చారు. ఇచ్చినవాడు పొలం పత్రాలు అడగలేదు, బంగారం అడగలేదు. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారని అడిగాడు.

ఇది కొత్త సంగతి కాదు. మన దేశంలో 1933లో ఒక చట్టం వచ్చింది. పేరు పిల్లల శ్రమ తాకట్టు చట్టం. నేను మేనేజ్‌మెంట్ చదువుకునే రోజుల్లో కార్మిక చట్టాల పేపర్ కోసం చదువుతుంటే ఈ పేరు దగ్గర ఆగిపోయాను. తాకట్టు అన్న మాట మనం రోజుకు పదిసార్లు వాడతాం. బంగారం తాకట్టు, సరుకు తాకట్టు, షేర్ల తాకట్టు. పిల్లవాడి శ్రమను కూడా అదే వరుసలో తాకట్టు పెట్టేవారు కాబట్టే, దాన్ని ఆపడానికి ఆ పేరుతోనే ఒక చట్టం చేయాల్సి వచ్చింది. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో, తండ్రి అడ్వాన్సు తీసుకుని పిల్లవాడి పనిని రాసిచ్చే పద్ధతిని గట్టిగా ఎత్తిచూపింది. దాని తర్వాతే ఈ చట్టం. 15 ఏళ్లలోపు పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని, రాసిచ్చిన తల్లిదండ్రులకు 50 రూపాయల దాకా, రాయించుకున్నవాడికి 200 రూపాయల దాకా జరిమానా అని పెట్టారు.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది. ఏ ఒప్పందం తాకట్టు కిందికి రాదో కూడా అది చెప్పింది. పిల్లవాడికి హాని లేకుండా, న్యాయమైన కూలి తప్ప ఇంకే ప్రతిఫలం తీసుకోకుండా, వారం రోజుల నోటీసుతో ఎప్పుడైనా మానేసే వీలుంటే అది తాకట్టు కాదు. ఎంత సూటిగా పట్టుకున్నారో చూడండి. ముందుగా తీసుకున్న డబ్బు ఉందా, మానేసే స్వేచ్ఛ ఉందా, ఈ రెండు ప్రశ్నలు చాలు. ఇవాళ కూడా ఏ పిల్లవాడి గురించైనా ఈ రెండూ అడిగితే విషయం తేలిపోతుంది.

ఇవాళ్టి ఉదాహరణ ఒకటి చెప్తాను. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా వేల కుటుంబాలు మన తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. నువాఖాయి పండుగ రోజుల్లో, అంటే చేతిలో డబ్బు లేక పండుగ చేసుకోవాలన్న ఆశ ఉన్న సమయంలో, సర్దార్ అనే మధ్యవర్తి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు మనిషికి ఇంత అని కాదు, ‘పథురియా’కి ఇంత అని. పథురియా అంటే ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక పిల్లవాడు కలిసిన పని జట్టు. ఒకరు మట్టి కలుపుతారు, ఒకరు అచ్చు పోస్తారు, పిల్లవాడు ఆరిన ఇటుకల్ని తిప్పి పేరుస్తాడు. పిల్లల బరువు తక్కువ కాబట్టి పచ్చి ఇటుకల మీద నడిచినా అవి విరగవట. వర్షాలు మొదలయ్యేదాకా ఆరేడు నెలలు ఆ లెక్క తీరుతూ ఉంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మనం, అప్పులు ఇచ్చేవాళ్లం, ఆలోచించాలి. ఆ అప్పు యూనిట్‌లోనే పిల్లవాడు ఉన్నాడు. పిల్లవాణ్ణి బడికి పంపితే యూనిట్ చెడిపోతుంది, అడ్వాన్సు తగ్గుతుంది. ఆ తండ్రికి వెళ్లి చదువు విలువ గురించి ఉపన్యాసం ఇస్తే ఏం ప్రయోజనం? ఆయనకు విలువ తెలియక కాదు. బట్టీల దగ్గర ఒడియా మాధ్యమంలో బడులు పెట్టి, ఒడిశా నుంచి పుస్తకాలు తెప్పించి చదువు చెప్పిన మంచి ప్రయత్నం తెలంగాణలో జరిగింది. దాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ పని జట్టు లెక్క మారనంతకాలం బడి గంట ఒకవైపు, బట్టీ గంట ఒకవైపు లాగుతూనే ఉంటాయి.

కర్నూలు, నంద్యాల వైపు పనిచేసినవాళ్లకు సీడు పత్తి సంగతి తెలుసు. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుచేయాలంటే ప్రతి మొగ్గనూ చేత్తో విప్పి, మగ భాగాన్ని తీసేసి, మర్నాడు పొద్దున దానికి వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. నెలల తరబడి, రోజూ, పువ్వు పువ్వుకీ చేయాల్సిన పని. దానికోసం వేలమంది ఆడపిల్లల్ని పెట్టుకున్నారని, వేసవిలోనే తల్లిదండ్రులకు అడ్వాన్సులిచ్చి వాళ్ల పనిని ఖాయం చేసుకునేవారని 1990ల చివర నుంచి పరిశోధకులు బయటపెట్టారు. చిన్న వేళ్లు కాబట్టి సున్నితంగా చేస్తారని చెప్పేవారు. అది సాకు. పెద్దవాళ్ల చేత చేయిస్తే కూలి ఎక్కువ, వాళ్లు మధ్యలో వేరే పనికి వెళ్లిపోతారు, పిల్లలైతే చెప్పినట్టు వింటారు. అసలు కారణాలు ఇవి.

ఇంకో సంగతి. అడ్వాన్సిచ్చిన రైతు కూడా స్వతంత్రుడు కాదు. అతనికి పెట్టుబడి ఆర్గనైజర్ ఇస్తాడు, ఆర్గనైజర్‌కి కంపెనీ ఇస్తుంది. కంపెనీ విత్తనానికి కట్టే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టుబాటు కాదని రైతులు మొదటి నుంచీ చెప్తూ వచ్చారు. పై నుంచి కింది దాకా ఒక రుణ గొలుసు. ఆ గొలుసు చివర కొక్కేనికి పదేళ్ల పిల్ల. చట్టం ఎక్కువగా ఆ చివరనే, ఆ రైతునే పట్టుకుంటుంది.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. రాజ్యాంగం 24వ అధికరణ 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంది. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టం కొన్ని పనులను నిషేధించి, మిగతావాటిని ‘క్రమబద్ధం’ చేసింది. నిషేధించిన చోట కూడా, యజమాని తన కుటుంబంతో కలిసి చేసుకునే పనికి అప్పట్లో మినహాయింపు ఉండేది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు ఎక్కడ చుడతారు? ఇళ్ల అరుగుల మీద. బీడీ పని నిషేధిత జాబితాలో ఉండేది, ఇంటి అరుగు మినహాయింపులో ఉండేది. అమ్మ ఆకు కత్తిరిస్తుంటే కూతురు దారం కడితే చట్టం పక్క నుంచి చూస్తూ వెళ్లిపోవాల్సి వచ్చేది.

ఈ చట్టం ఫలితం మీద ముగ్గురు ఆర్థికవేత్తలు, భరద్వాజ్, లక్‌డావాలా, లీ, జాతీయ నమూనా సర్వే లెక్కలు పట్టుకుని ఒక అధ్యయనం చేశారు. వాళ్లు తేల్చింది వింటే ఇబ్బందిగా ఉంటుంది. నిషేధం తర్వాత పెద్దల కూలితో పోలిస్తే పిల్లల కూలి తగ్గింది. పిల్లల పని మాత్రం పెరిగింది, అదీ అత్యంత పేద కుటుంబాల్లో. ఎందుకు? పట్టుబడితే జరిమానా కట్టాలి కాబట్టి ఆ రిస్కుకు సరిపడా యజమాని కూలి తగ్గించాడు. మనం రిస్కు ఎక్కువున్న ఖాతాకు వడ్డీ పెంచినట్టే ఇది. కుటుంబానికి నెల గడవడానికి కావాల్సిన మొత్తం మాత్రం తగ్గలేదు. దాంతో ఆ కుటుంబం ఇంకో బిడ్డను కూడా పంపింది.

దీన్ని బట్టి చట్టాలే వద్దనే వాదన తెస్తారు కొందరు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. బొలీవియా ఆ దారిలో వెళ్లి చూసింది. 2014లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, అనుమతి ఉంటే పదేళ్ల పిల్లలు సొంతంగా, పన్నెండేళ్ల పిల్లలు ఒకరి దగ్గర పనిచేయవచ్చు. దాని కోసం పోరాడింది ఎవరో తెలుసా? పనిచేసే పిల్లల సంఘమే. ఎలాగూ పనిచేస్తున్నాం, దొంగచాటుగా కాకుండా రక్షణతో చేయనివ్వండి అన్నది వాళ్ల వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ రక్షణ ఇవ్వడానికి ఇన్‌స్పెక్టర్లు కావాలి, ప్రతి పిల్లవాడి పనినీ చూసి అనుమతి రాయడానికి యంత్రాంగం కావాలి. అంత యంత్రాంగం ఉన్న దేశం పిల్లవాణ్ణి బడికే పంపగలదు కదా. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2017లో ఆ సడలింపులను కొట్టేసింది. మరుసటి ఏడాది వయసును మళ్లీ 14కు తెచ్చారు.

పొరుగున బంగ్లాదేశ్ అనుభవం దీనికి మరో కొస. 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్, పిల్లలు తయారుచేసిన వస్తువుల దిగుమతిని ఆపాలని బిల్లు పెట్టారు. ఆ బిల్లు ఎన్నడూ చట్టం కాలేదు. కానీ ఢాకా బట్టల ఫ్యాక్టరీల యజమానులు ఆర్డర్లు పోతాయన్న భయంతో పిల్లల్ని రాత్రికి రాత్రి బయటికి పంపేశారు. సుమారు 50,000 మంది అని అంచనా. వాళ్లు బడికి వెళ్లారా? చాలామంది రాళ్లు కొట్టే పనికి, వీధుల్లోకి, అంతకన్నా ఘోరమైన చోట్లకు వెళ్లారని యూనిసెఫ్ 1997 నివేదికలో రాసింది. అంత జరిగాక, 1995 జూలై 4న ఫ్యాక్టరీ యజమానుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ ఒప్పందం చేసుకున్నాయి. బడిలో చోటు దొరికేదాకా ఏ పిల్లవాణ్ణీ పనిలోంచి తీయకూడదు. తీసిన పిల్లవాడికి బడి, నెలకు 300 టాకాల భృతి. ఈ వరుస ముందే పాటించి ఉంటే ఎంత బాగుండేది!

వరుస ముఖ్యమన్న సంగతి మన సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. శివకాశి అగ్గిపెట్టెల, బాణాసంచా పిల్లల కేసులో, ఎం.సి. మెహతా వేసిన పిటిషన్ మీద, 1996 డిసెంబర్ 10న తీర్పు వచ్చింది. చట్టం మీరి పిల్లవాణ్ణి పెట్టుకున్న యజమాని పిల్లవాడికి 20,000 రూపాయల చొప్పున నిధిలో కట్టాలి. ఆ కుటుంబంలో ఒక పెద్దవారికి ప్రభుత్వం పని చూపించాలి, చూపించలేకపోతే 5,000 జమచేయాలి. ఆ 25,000 మీద వచ్చే వడ్డీ కుటుంబానికి అందుతుంది. పిల్లవాణ్ణి బడికి పంపకపోతే ఆగిపోతుంది.

ఇక్కడ మన క్యాలిక్యులేటర్ తీద్దాం. అప్పట్లో డిపాజిట్ వడ్డీ 12 శాతం అనుకుంటే ఏడాదికి 3,000, నెలకు 250 రూపాయలు. ఆ రోజుల్లో 250 అంటే ఎంతో కొంత ఆసరా. అదే 25,000కి ఇవాళ 7 శాతం వేస్తే నెలకు 146 రూపాయలు వస్తాయి. 2016 సవరణ తర్వాత లెక్క మారింది. యజమానికి జరిమానా 20,000 నుంచి 50,000, దానికి ప్రభుత్వం 15,000 కలిపి నిధిలో వేస్తుంది. కనీసం 35,000 అనుకున్నా 7 శాతం చొప్పున నెలకు 204. పిల్లవాడు తెచ్చే కూలికి ఇది దరిదాపుల్లో కూడా లేదు. ఆలోచన గొప్పది, అసలు మొత్తమే చిన్నది. జడ్జిగారి తీర్పును తప్పుపట్టడం లేదు, కార్పస్ చాలదంటున్నాను, అంతే.

2016 సవరణ గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెప్పాలి. మంచి వైపు చూస్తే, 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇక ఏ పనిలోనూ పెట్టకూడదు. 14 నుంచి 18 ఏళ్లవారిని గనుల్లో, పేలుడు పదార్థాల పనుల్లో, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టకూడదు. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు, పోలీసులు వారెంట్ లేకుండానే అరెస్టు చేయవచ్చు. ఇంత గట్టి చట్టం మునుపు లేదు. ఆ మరుసటి ఏడాది, 2017 జూన్ 13న, కనీస వయసు మీద ఉన్న 138వ ఒప్పందాన్ని, అత్యంత దారుణమైన పనుల మీద ఉన్న 182వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది. కానీ బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని ఒక తలుపు తెరిచి ఉంచారు. తాత చేత కుండ చేయడం, నాన్న పక్కన మగ్గం నేర్చుకోవడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. ఆ రెండింటినీ ఆపాలని ఎవరూ అనరు. అయితే ఎన్ని గంటలు? చట్టం తనలో గంటలు చెప్పలేదు, నియమాలకు వదిలేసింది. పైగా ఆ కుటుంబ వృత్తికి పెట్టుబడి, ముడిసరుకు ఇచ్చేది బయటి వ్యాపారి అయితే అది కుటుంబ వృత్తి ఎలా అవుతుంది? జాబ్ వర్క్‌కి కుటుంబం పేరు పెట్టినట్టే.

ఇందుకు పక్కనే పెట్టి చూడాల్సిన అనుభవం బ్రెజిల్‌ది. అక్కడ 1996లో బొగ్గు బట్టీల పిల్లల కోసం మొదలైన పథకంలో, తల్లిదండ్రులకు భృతి ఇవ్వడంతో ఆగలేదు. అక్కడి బడి ఒంటిపూటే. డబ్బు ఒక్కటే ఇస్తే పిల్లవాడు పొద్దున బడికి, మధ్యాహ్నం పనికి వెళ్తాడని గ్రహించి, మిగతా పూట కూడా ఆటలు, చదువు, తిండితో నింపారు. 2003లో వచ్చిన బోల్సా ఫమీలియా మరింత పెద్దది. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు 85 శాతం హాజరు తొలి నిబంధన. డబ్బు ఎక్కువగా తల్లుల కార్డులోకే వెళ్తుంది. ఆ డబ్బు అందించే సంస్థ కైషా ఎకొనామికా ఫెడరల్. అది కూడా మనలాంటి ప్రభుత్వరంగ బ్యాంకే అని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఏ దేశంలోనైనా చివరి గడపదాకా వెళ్లాల్సిన డ్యూటీ మనదేనన్నమాట!

మన దగ్గర ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉంది. 1990ల ఆరంభంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు, దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారు ఒకే ఒక్క సూత్రం పెట్టుకున్నారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. ప్రమాదకరమా కాదా, కూలి వస్తుందా రాదా, ఇంటి పనా బయటి పనా, ఈ తర్జనభర్జనలు అక్కర్లేదు. పశువులు కాసే పిల్లవాడు, చెల్లెల్ని ఎత్తుకున్న పిల్ల, అందరూ లెక్కలోకి వస్తారు. పని మాన్పించిన పిల్లలకు శిబిరాల్లో బ్రిడ్జి కోర్సు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. జీతానికి పెట్టుకున్న రైతులతోనే ఊళ్లో కూర్చుని మాట్లాడి పిల్లల్ని విడిపించారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ముందు పేదరికం పోవాలి, తర్వాత పిల్లలు బడికి అనే వాదనను ఆ ఊళ్లు తిప్పికొట్టాయి. ఊరంతా ఒక మాట మీద ఉంటే, అదే ఆదాయంతో పేద తల్లిదండ్రులు సర్దుకున్నారు.

అయితే సర్దుకోవడానికి ఒక హద్దు ఉంటుంది. అక్కడే అప్పు మళ్లీ ప్రవేశిస్తుంది. టాంజానియాలో కగేరా ప్రాంతంలో 1991–94 మధ్య కొన్ని వందల కుటుంబాలను వరుసగా సర్వే చేశారు. ఎలుకలో, పురుగో, మంటలో పంటను తినేసిన ఏడాది పిల్లల పనిగంటలు పెరిగాయి. ఆస్తి, అంటే తనఖా పెట్టుకోగల వస్తువు ఉన్న ఇళ్లలో మాత్రం ఆ పెరుగుదల చాలావరకు తగ్గింది. కష్టం ఇద్దరికీ ఒకటే. ఒకరికి తాకట్టు పెట్టడానికి వస్తువు ఉంది, రెండోవారికి బిడ్డ తప్ప ఏమీ లేదు.

ఇది వినగానే మనం చప్పట్లు కొట్టుకోవాలనిపిస్తుంది, అప్పులిస్తే చాలు పిల్లలు బడికి వెళ్తారని. తొందరపడకండి. మలావీలో జరిగిన ఒక పరిశోధనలో దీనికి ఎదురు ఫలితం వచ్చింది. సూక్ష్మరుణం అందే ఇళ్లలో, వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో పిల్లలు పనిచేసే అవకాశం పెరిగింది. వ్యాపారమో పంటో పెరిగితే చేతులు కావాలి. కూలి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. దగ్గర్లో ఉన్న చేతులు పిల్లలవే. కాబట్టి కష్టకాలంలో ఇచ్చే అప్పు పిల్లవాణ్ణి పని నుంచి కాపాడుతుంది, యూనిట్ పెట్టమని ఇచ్చే అప్పు ఒక్కోసారి పనిలోకి లాగుతుంది. మన బ్రాంచి నుంచి రెండు రకాల అప్పులూ వెళ్తాయి.

మన ప్రాజెక్టు రిపోర్టులు ఒకసారి తీసి చూడండి. డెయిరీ యూనిట్‌లో దాణాకి ఇంత, మందులకి ఇంత, బీమాకి ఇంత అని రాస్తాం. చాకిరీ దగ్గర ‘కుటుంబ శ్రమ’ అని రాసి సున్నా వేస్తాం. ఆ సున్నా వెనక ఎవరున్నారో ఆ ఫారం అడగదు. నేను గ్రామీణ బ్రాంచిలో ఉన్నప్పుడు ఒక సంఘం సభ్యురాలు రెండు గేదెలకు దరఖాస్తు పెట్టుకుంది. యూనిట్ చూడటానికి వెళ్లి, గేదెలను ఎవరు చూసుకుంటారమ్మా అని అడిగాను. ‘మా చిన్నది ఉంది కద సార్’ అంది, ధీమాగా. ఆ చిన్నది ఏడో తరగతి. సంఘం లీడరుతో, ఇంట్లో ముసలమ్మతో మాట్లాడి, మొదట ఒక గేదెకే ఇచ్చాం. రెండోది ఆర్నెల్ల తర్వాత. పిల్ల బడి మానలేదు. కానీ తెల్లవారుజామున గడ్డికి వెళ్లి, వచ్చి, బడికి వెళ్తోందని తర్వాత టీచరుగారు చెప్పారు, క్లాసులో కునుకు తీస్తోందట. ఎవరూ దాన్ని నేరంగా చూడరు. కుటుంబానికి సాయం, బడి వేళలు కాని వేళల్లో. అందుకే ఆ తెరిచిన తలుపు గురించి ఇందాక అంత గట్టిగా మాట్లాడాను.

అప్పటి నుంచి యూనిట్ ఇన్‌స్పెక్షన్ నోట్‌లో ఒక వాక్యం అదనంగా రాస్తున్నాను. ఇంట్లో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఎంతమంది, ఏ తరగతి, నేను వెళ్లిన వేళకు ఎక్కడున్నారు. ఏ సర్క్యులరూ అడగలేదు. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇంకొకటి, అడ్వాన్సులు ఇచ్చేవాడి క్యాలెండర్ మనకు తెలియాలి. అతను వేసవిలో వస్తాడు, పండుగ ముందు వస్తాడు, ఆస్పత్రి ఖర్చు పడిన వారంలో వస్తాడు. మన సంఘాల రుణాలు మార్చి నెలాఖరు టార్గెట్‌ను బట్టి వెళ్తాయి. అతను రాకముందే చిన్న మొత్తంలో వినియోగ రుణం ఆ ఇంటికి చేరితే, అతను అడిగే పిల్ల బడిలోనే ఉంటుంది. ఇది సెంటిమెంటు కాదు. పోటీదారుడి కంటే ముందు వెళ్లమని మన మార్కెటింగ్ వాళ్లు ఎప్పుడూ చెప్పేదే.

ఇంటి నుంచి వచ్చిన అమ్మలకు, అక్కలకు ఒక మాట. బదిలీల మీద తిరిగే మనలాంటి ఇళ్లలో, ముఖ్యంగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే చోట, బాబును చూసుకోవడానికి ఊరి నుంచి ఒక అమ్మాయిని తెచ్చుకోవడం ఒకప్పుడు మామూలు. మా ఇంట్లో సొంత బిడ్డలా చూసుకుంటాం, వాళ్ల ఇంట్లో ఉంటే అన్నం కూడా ఉండదు అనేవారు. నిజంగా మంచిగా చూసుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ పిల్ల నెల జీతం ఊళ్లో తండ్రి చేతికి ముందే వెళ్లిపోయి ఉంటే, ఆ పిల్ల మానేస్తానంటే మానే వీలు లేకపోతే, 1933 నాటి ఆ రెండు ప్రశ్నలు మన వంటగదికీ వర్తిస్తాయి. ప్రభుత్వోద్యోగులు 14 ఏళ్లలోపు పిల్లల్ని పనికి పెట్టుకోకూడదని వాళ్ల ప్రవర్తనా నియమావళిలో 1999లోనే చేర్చారు. ఇళ్లలో, హోటళ్లలో, దాబాల్లో పిల్లల పనిని 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధించారు. ఇప్పుడైతే ఎక్కడైనా సరే నేరమే. బంధువుల పిల్ల అనో, చదివిస్తామనో తెచ్చుకున్నా సరే, ఆ పిల్ల బడి రిజిస్టర్‌లో ఉందా లేదా అన్నది చూడండి, చాలు.

ముందు వరుస పిల్లలకు ఒక తమాషా చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2014లో చెప్పినదాని ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చు. మీలో చాలామందికి ఖాతా ఉందని మీ నాన్నల టార్గెట్ షీట్లు చూస్తే తెలుస్తోంది! కానీ పద్నాలుగేళ్లు నిండకుండా కూలికి పోయి ఆ ఖాతాలో వేయడానికి చట్టం ఒప్పుకోదు. ఖాతాలో పడాల్సింది మీ పండగ డబ్బులూ, స్కాలర్‌షిప్పులూనే.

చివరగా ఆఫీసర్లు, ఫీల్డుకు వెళ్లే మిత్రులు తరచూ అడిగే ప్రశ్నకు జవాబు. యూనిట్ చూడటానికి వెళ్లినప్పుడు అక్కడ పనిచేస్తున్న పిల్లవాడు కనిపిస్తే ఏం చేయాలి? అక్కడే గొడవ పెట్టుకోకండి, ఆ కోపం సాయంత్రం పిల్లవాడి మీదే చూపిస్తారు. 1098కి ఫోన్ చేయండి, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, మీ పేరు బయటపెట్టాల్సిన పనిలేదు. కేంద్ర కార్మిక శాఖ పెన్సిల్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ తర్వాత ఆ కుటుంబం ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సులో ఉందో కనుక్కుని, మన సంఘాల ద్వారా అది తీర్చే దారి ఉందేమో బ్రాంచి మేనేజరుతో మాట్లాడండి. బంగారం తాకట్టు విడిపించడం మనకు బాగా అలవాటైన పనే కదా.

టీ సిద్ధమైందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. లేదంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం.